ద్రాక్ష తీగకు ఆనవాళ్లు

చిరంజీవులైన మా ఇంటి పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

మొన్న వేసవిలో మిమ్మల్ని ద్రాక్ష తోటకు తీసుకెళ్లాను, గుర్తుందా? తోట ఆసామి ఒక పందిరి కింద నిలబడి, "ఇది కొత్త రకం. దీని మీద హక్కు కూడా నమోదైంది" అన్నాడు. మీలో అందరికంటే చిన్నది నా చొక్కా పట్టుకుని, "తాతయ్యా, ఇదీ పక్కదీ ఒకేలా ఉన్నాయి కదా, కొత్తదని ఎలా తెలిసింది?" అని అడిగింది. ఆ రోజు జవాబు చెప్పలేదు. ఒక్క పండును చూపించి చెప్పగలిగిన సంగతి కాదది. అక్టోబరులో తీగలకు కత్తిరింపులు అయ్యాయి. దీపావళి దాటేసరికి మన పెరట్లో కణుపు కణుపునా చిగురు జానెడు సాగింది. చెప్పడానికి ఇదే అదను.

నా చిన్నప్పుడు మా ఊరి గేదెలన్నీ ఒకే మందగా చెరువు గట్టుకు మేతకు పోయేవి. పొరుగూరి వాళ్ల కంటికి అవన్నీ నల్లటి గేదెలే. మా అమ్మ మాత్రం సందె వేళ గుమ్మంలో నిలబడి, ఆ దుమ్ములోనే మా గేదె ఏదో చెప్పేసేది. ఒకసారి అది ఎవరి చేలోనో పడితే బందెలదొడ్డిలో కట్టేశారు. నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లేసరికి ఇంకొకాయన ఆ గేదె తనదేనంటూ అక్కడ కూర్చుని ఉన్నాడు. దొడ్డి కాపలాదారు ఇద్దరినీ బయటే నిలబెట్టి ఆనవాళ్లు చెప్పమన్నాడు. ఆయన "నల్లగా, బాగా బలిసి ఉంటుంది, ఒంటి నిండా బురద ఉంటుంది" అన్నాడు. నాన్న "ఎడమ కొమ్ము కుడిదానికంటే ఎక్కువ మెలి తిరిగి ఉంటుంది, తోక కుచ్చులో తెల్ల వెంట్రుకలు ఉంటాయి, కుడి చెవి అంచున చిన్న చీలిక ఉంటుంది" అన్నాడు. గేదె మాతో ఇంటికి వచ్చింది. తాడు పట్టుకుని నడిపించింది నేనే. దారి పొడవునా ఆ కొమ్మునే చూస్తూ నడిచాను. రోజూ పాలు తాగుతున్నా ఆ కొమ్మును నేను అంతవరకు సరిగా చూడనే లేదు.

కొత్త రకం మీద హక్కు, అంటే దాని మొక్కలను పెంచి అమ్మే అధికారం తనకే ఉండాలని అడగడమంటే, బందెలదొడ్డి ముందు నిలబడటమే. మన దేశంలో 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. దాన్ని అమలు చేసే సంస్థ 2005లో ఢిల్లీలో ఏర్పడింది. అక్కడికి వెళ్లి "నా గుత్తి పెద్దది, నా పండు తీపి" అంటే సరిపోదు. నీళ్లను బట్టి, ఎరువును బట్టి గుత్తి పెరుగుతుంది, తగ్గుతుంది. అది బలిసిన గేదె లాంటి మాట. అందుకే కొత్త తీగనూ, దానికి బాగా దగ్గరి పోలిక ఉన్న పాత తీగనూ ఒకే నేలలో పక్కపక్కన పెంచి చూస్తారు. ఒక్క కాపుతో తేల్చరు, కనీసం రెండు కాపులు చూస్తారు.

ముందు చూసేది చిగురు కొన. నిన్న ఉదయం బావి వైపు తీగ నుంచి ఒకటి, వంటింటి వైపు తీగ నుంచి ఒకటి తుంచి అరచేతిలో పెట్టుకున్నాను. బావి వైపుది దూది అద్దినట్టు తెల్లటి నూగుతో ఉంది. వేలితో రాస్తే మెత్తగా తగిలింది. వంటింటి వైపుది నున్నగా మెరుస్తోంది. విచ్చుకుంటున్న చిన్ని ఆకు అంచున దానిమ్మ గింజ రంగు సన్నటి గీత ఉంది. పదేళ్లుగా రెండూ నా చేతి నీళ్లే తాగుతున్నాయి. పరీక్షించే వాళ్లు ఇలాంటి తేడాలకు అంకెలు వేస్తారు. నూగు లేకపోయినా మరీ పలచగా ఉన్నా 1, చాలా దట్టంగా ఉంటే 9.

ఆకుల వంతు తర్వాత వస్తుంది. పిందె కట్టాక, కాయ మాగడం మొదలయ్యే లోపు, కొమ్మ నడిమి భాగంలోని ఆకులనే చూడాలి. ఆకు అంచు చీలి ఏర్పడే తమ్మెలు మూడా, అయిదా? తొడిమ అతికే చోట గాడి తెరుచుకుని ఉందా, రెండు అంచులూ ఒకదాని మీదకొకటి ఎక్కాయా? అంచున రంపపు పళ్లు పొట్టివా, పొడుగువా? ఆకు తిప్పితే ఈనెల మీద నిలువు నూగు ఉందా? చివరికి గుత్తి, కాయ, తొక్క, గింజ. ఫ్రాన్సులో పియెర్ గాలే అనే ఆయన ఆకు ఈనెల పొడవులనూ వాటి మధ్య కోణాలనూ కొలిచి రకాలను గుర్తుపట్టేవాడు. జీవితమంతా ఆకులు చూడటానికే ఇచ్చిన మనిషి.

పేరును నమ్ముకుంటే మోసపోతాం. మనం థాంప్సన్ అనే గింజలేని ద్రాక్షను ఆస్ట్రేలియాలో సుల్తానా అంటారు. చిలీ దేశంలోనైతే వందేళ్లకు పైగా ఒక తీగను మెర్లో అనే వైన్ ద్రాక్ష రకం అనుకుని పెంచారు. 1994లో ఫ్రాన్సు నుంచి వెళ్లిన బూర్సికో అనే శాస్త్రవేత్త పూల దగ్గర ఆగి, కేసరాలు మెలి తిరిగి ఉన్నాయని గమనించి, ఇది కార్మెనేర్ అని చెప్పాడు. ఫ్రాన్సులో దాదాపు కనుమరుగైపోయిన రకం అది. ఎన్ని వేల మంది కోసి, తొక్కి, తాగి ఉంటారో ఆ ద్రాక్షను! ఆగి చూసినవాడికే కనబడింది. బడిలోనైనా అంతే పిల్లలూ, చదివిన పేజీనే ఇంకోసారి నిదానంగా చూడండి.

డీఎన్‌ఏ చూస్తే తేలిపోదా అని మీలో పెద్దవాడు అడుగుతాడు. రెండు రకాలను కలిపి, గింజ మొలిపించి తీసిన కొత్త తీగనైతే అది చక్కగా పట్టిస్తుంది. షోలాపూర్ జిల్లా నాన్నజ్ గ్రామంలో నానాసాహెబ్ కాళే అనే రైతు తీసిన సోనాకా సంగతి వేరు. అది థాంప్సన్ నుంచే వచ్చింది, కాయ మాత్రం ఇంకా పొడుగు. తీగ మీద వేల కన్నులు, అంటే చిగురు మొలిచే మొగ్గలు, ఉంటాయి. వాటిలో ఏదో ఒక్క కన్ను తనంతట తాను మారి, కొత్త తీరు కొమ్మను తీస్తుంది. అలాంటిదాన్ని మామూలు డీఎన్‌ఏ పరీక్ష తల్లి నుంచి వేరు చేయలేదు. రైతు చూపు వేరు చేస్తుంది. ఆ ఒక్క కన్నే ఎందుకు మారింది, ఆ ఏడే ఎందుకు మారింది? ముప్పై ఏళ్లు పందిళ్ల కింద తిరిగిన నాకు ఇప్పటికీ అది అద్భుతమే.

తేడా కనబడితే పని అయిపోదు. మా గేదె చెవి చీలిక కంచె గీసుకుని వచ్చింది, దాని దూడలకు రాలేదు. అలాంటిది ఇక్కడ లెక్కలోకి రాదు. కొత్త తీగ కొమ్మ ముక్కలు నాటితే ప్రతి మొక్కలోనూ అదే ఆనవాలు కనబడాలి, మళ్లీ వాటి నుంచి కోసి నాటినా అదే రావాలి. గేదెకైతే దూడ పుడుతుంది. తీగ ముక్క నాటితే ఆ తీగే మళ్లీ పుడుతుంది. ఇన్నీ తేలాక దానికంటూ ఒక పేరు రాసి నమోదు చేస్తారు. తీగ జాతులకు, చెట్లకు ఆ హక్కు గరిష్ఠంగా 18 ఏళ్లు. ఒక రకాన్ని తీయడానికి మనిషి వయసులో పెద్ద భాగమే కరిగిపోతుంది కనుక అది న్యాయమే. మన చట్టంలో నాకు బాగా నచ్చే మాట ఇంకొకటి ఉంది. రైతు తన తోటలోని మొక్కల నుంచి తీసుకుని మళ్లీ నాటుకోవచ్చు, పక్క రైతుకు ఇచ్చుకోవచ్చు. ఆ రకం పేరు ముద్ర వేసి అమ్మకూడదు, అంతే.

మీ వీధి చివరి ఇంటి పందిరి మీద ఒక ద్రాక్ష తీగ ఉందని మీ అమ్మ చెప్పింది. వాళ్లను అడిగి, ఈ ఆదివారం ఎండ ముదరకముందే వెళ్లండి. ఏమీ కోయవద్దు. జానెడు చిగురు ఒకటి వెతికి, కొనను వేలితో తాకండి. కింది ఆకును తిప్పి ఈనెల పక్కన చూడండి. నూగుకు 1 నుంచి 9 లోపు ఏ అంకె వేస్తారో ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా కాగితం మీద రాసి, నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య