పాత రాక్ ఆల్బమ్‌లు, ఐదు స్పీకర్లు, రెండు చెవులు

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌లో ‘టైమ్’ పాట మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలు నిజానికి ఆ పాట కోసం రికార్డు చేసినవి కావు. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఆ ఆల్బమ్‌కు సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన ఆలన్ పార్సన్స్, నాలుగు స్పీకర్లతో వినిపించే క్వాడ్రఫోనిక్ పద్ధతిని పరిచయం చేసే నమూనా రికార్డు కోసం, అంతకు ముందే ఒక పాత గడియారాల దుకాణానికి వెళ్ళి వాటిని రికార్డు చేసి ఉంచారు. ‘మనీ’ పాటలో నాణేల గలగల, కాగితం చిరిగే చప్పుడు, గల్లాపెట్టె గంట వంటివాటిని ఏడు మాత్రల లయలో అతికించిన టేపును కూడా, ఆ చప్పుళ్ళు గది చుట్టూ నడిచినట్టు వినిపించడానికి, తరువాత నాలుగు ట్రాక్‌లకు (టేపు మీద విడివిడిగా రికార్డయ్యే వరుసలకు) మార్చారు. అంతకన్నా ముందు, 1967 మేలో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్‌లో ఇచ్చిన కచేరీలోనే ఈ బృందం పిడిని తిప్పుతూ శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పగలిగే పరికరాన్ని వాడింది. కాబట్టి సౌండ్ ఇంజనీరు జేమ్స్ గత్రీ 2003లో ఇదే ఆల్బమ్‌ను 5.1 సరౌండ్‌లో, అంటే వినేవారి చుట్టూ ఐదు స్పీకర్లుండే అమరికలో, మళ్ళీ మిక్స్ చేసినప్పుడు (విడివిడి వాద్యాలను కొత్తగా కలిపినప్పుడు), పాత సంగీతం మీద కొత్త హంగు రుద్దారని అనడం సరికాదు. చుట్టూ వినిపించాలన్న కోరిక అందులో మొదటి నుంచీ ఉంది.

ఆ కోరిక 1970లలో ఎందుకు నెరవేరలేదన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు వ్యాపారానికి సంబంధించినది. నాలుగు చానళ్ళను రెండుగా కుదించి గ్రామఫోన్ రికార్డు గాడిలో ఇమిడ్చే పద్ధతులు రెండు మూడు ఒకదానితో ఒకటి పొసగకుండా పోటీపడ్డాయి; కుదించిన చానళ్ళు తిరిగి విడివడేటప్పుడు ఒకదానిలోకి ఒకటి కారిపోయేవి. అయితే చెవి వైపు నుంచి చూస్తే ఇంకో కారణం కూడా ఉంది, అదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు ప్రధానంగా రెండు తేడాలను బట్టి గ్రహిస్తుంది. పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందుగానూ, దూరపు చెవికి కాస్త ఆలస్యంగానూ చేరుతుంది. ఈ తేడా ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకన్లకు మించదు. తల అడ్డుపడడం వల్ల దూరపు చెవికి చేరే శబ్దం బలం కూడా తగ్గుతుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర కాలవ్యవధి, ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర శబ్ద తీవ్రత ఆధారమవుతాయన్న వివరణను 1907లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఇచ్చారు. 1931లో బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో ఈ తేడాలనే ఆసరాగా చేసుకుంటుంది. మన ముందు 60 డిగ్రీల ఎడంలో ఉన్న రెండు స్పీకర్ల నుంచి గాయకుడి గొంతు సమానంగా వస్తే, స్పీకరే లేని నట్టనడుమ ఆయన నిలబడి పాడుతున్నట్టు అనిపిస్తుంది.

క్వాడ్రఫోనిక్ గదిలో స్పీకర్లు నాలుగు మూలల్లో ఉంటాయి, అంటే ఒక్కో జంట నడుమ 90 డిగ్రీలు. ముందు జంట నడుమ గాయకుడున్నట్టు కలిగే భ్రమే అక్కడ బలహీనపడుతుంది. పక్క జంట సంగతి మరీ కష్టం. ఎడమ ముందు స్పీకరూ, ఎడమ వెనక స్పీకరూ రెండూ ప్రధానంగా ఎడమ చెవికే వినిపిస్తాయి కనుక, ఒకదాని బలం పెంచి రెండోదాని బలం తగ్గించినా రెండు చెవుల మధ్య తేడా పెద్దగా మారదు. నెమ్మదిగా వెనక్కి జరగవలసిన గిటారు, కొంతసేపు ముందు స్పీకరుకే అంటిపెట్టుకుని ఉండి, ఉన్నట్టుండి వెనక్కి దూకుతుంది. ముందు నుంచి వచ్చిందా, వెనక నుంచి వచ్చిందా అని తేల్చుకోవడానికి మనకు మిగిలేవి చెవిదొప్ప మడతలు శబ్దంలో తెచ్చే చిన్న మార్పులూ, తలను కొంచెం తిప్పి చూసుకునే అలవాటూ మాత్రమే.

అందుకే తరువాత వచ్చిన 5.1 అమరిక చతురస్రాన్ని వదిలిపెట్టింది. ముందు మధ్యలో ఒక స్పీకరు, దానికి అటూ ఇటూ 30 డిగ్రీల దగ్గర ఒక్కొక్కటి, పక్కలకు కాస్త వెనకగా దాదాపు 110 డిగ్రీల దగ్గర మరొక జంట. మంద్రధ్వనులకు వేరే చానల్. ఇక్కడా పక్కల ఖాళీలు పూర్తిగా పూడలేదు. అనుభవమున్న ఇంజనీర్లు శబ్దాన్ని ఆ ఖాళీల్లో నిలబెట్టాలని చూడకుండా, స్పీకర్లున్న చోటనే ఉంచుతారు.

రీమిక్స్ చేయాలంటే ముందు విడివిడి వాద్యాలు దొరకాలి. ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ కాలంలో బీటిల్స్ బృందం వాడిన యంత్రాల్లో నాలుగే ట్రాక్‌లుండేవి. నాలుగూ నిండగానే వాటిని కలిపి మరో టేపు మీద ఒకటో రెండో ట్రాక్‌లుగా కాపీ చేసి, మిగిలిన చోటులో కొత్తవి రికార్డు చేసేవారు. అలా కలిసిపోయిన డ్రమ్స్‌నూ గిటారునూ చివరి టేపు నుంచి మళ్ళీ విడదీయలేము. పైగా ప్రతి కాపీతోనూ టేపు బుసబుస పెరుగుతుంది. అదృష్టవశాత్తు తొలి టేపులను పారవేయలేదు. 2017లో నిర్మాత జైల్స్ మార్టిన్, ఇంజనీరు సామ్ ఓకెల్ ఆ మొదటి తరం టేపులకే తిరిగి వెళ్ళి, వాటిని కంప్యూటరులో ఒకదానితో ఒకటి జతకలిపి స్టీరియోలోనూ 5.1లోనూ మిక్స్ చేశారు. అదే బృందపు ‘రివాల్వర్’ ఆల్బమ్‌కు 2022లో చేసిన రీమిక్స్‌కు, ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన వాద్యాలను విడదీసే మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తోడైంది.

ఇంత శ్రమకు ఫలితం వెనక నుంచి చప్పుళ్ళు రావడమే అయితే అది వినోదం మాత్రమే అయ్యేది. అసలు లాభం వేరే చోట ఉంది. పెళ్ళిపందిట్లో మేళం, పలకరింపులు ఒకేసారి వినిపిస్తున్నా మనం ఒకరి మాటనే పట్టుకోగలుగుతాము. ఈ శక్తిని 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ ప్రయోగాల ద్వారా పరిశీలించారు. ఒకే దిక్కు నుంచి వచ్చే రెండు శబ్దాల్లో బలమైనది రెండోదాన్ని కప్పేస్తుంది. దిక్కులు వేరైతే ఆ కప్పివేత తగ్గుతుంది. స్టీరియోలో దీన్ని తప్పించడానికి ఒక్కో వాద్యం నుంచి కొంత పౌనఃపున్యాన్ని కత్తిరించవలసి వచ్చేది. సరౌండ్‌లో ఆ అవసరం చాలావరకు తీరుతుంది. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2013లో రీమిక్స్ చేసిన యెస్ బృందపు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో గొంతుల పొరలు, కీబోర్డులు, గిటార్లు తమ తమ చోట్ల విడిగా వినిపించడం ఈ కారణం వల్లనే.

అయితే ఈ లాభమే కొన్ని ఆల్బమ్‌లకు నష్టం. రెండు గిటార్లు, బాస్, డ్రమ్స్ ఒకదాన్నొకటి కప్పుకుంటూ ఒకే ముద్దగా మీద పడడమే కొన్ని హార్డ్ రాక్ బృందాల బలం. ఆ ముద్దను విడదీసి నాలుగు వైపులా పరిస్తే ప్రతి తీగా స్పష్టంగా వినిపిస్తుంది కానీ పాటలోని దెబ్బ తగ్గుతుంది. అనేక పొరలతో అల్లిన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లకు సరౌండ్ ఇంతగా నప్పడమూ, నలుగురు ఒక గదిలో నిలబడి వాయించిన రికార్డులకు అంతగా నప్పకపోవడమూ యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

సినిమా హాళ్ళలో మనకు పరిచయమైన డాల్బీ ఆట్మాస్‌లో ఇటీవలి ఏళ్ళలో పాటలు ఫోన్లలోకీ వచ్చాయి. అక్కడ ఐదు స్పీకర్లూ ఉండవు. తల, చెవిదొప్ప శబ్దంలో తెచ్చే మార్పులను లెక్కగట్టి హెడ్‌ఫోన్స్‌లో కలుపుతారు. ఆ లెక్క సగటు తలకు వేసినది కాబట్టి, ఒకరికి వెనక వినిపించే గిటారు మరొకరికి నడినెత్తిన వినిపించవచ్చు.

ఇంట్లో స్పీకర్లతో వినదలచినవారికి ఎదురయ్యే చిక్కు మరొకటి. సోఫాను గోడకు ఆనించి వేసే మన హాళ్ళలో వెనక స్పీకర్లు తలకు మరీ దగ్గరగా వచ్చేస్తాయి. శబ్దం 34 సెంటీమీటర్లు ప్రయాణించడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే ముందుగా చేరినదే దాని దిక్కని మెదడు నిశ్చయించుకుంటుంది కనుక, దగ్గరగా ఉన్న వెనక స్పీకర్లే శబ్దాన్ని తమ వైపు లాగేస్తాయి. సోఫాను గోడ నుంచి ఒక మీటరైనా ముందుకు జరపడం మంచిది. అది కుదరనప్పుడు ఒక్కో స్పీకరు దూరాన్ని కొలత టేపుతో కొలిచి ఆంప్లిఫయరు సెట్టింగుల్లో నమోదు చేస్తే, దగ్గరి స్పీకరు శబ్దాన్ని అది తగినంత ఆలస్యం చేసి పంపుతుంది.