నీళ్లు తాగకుండా షూటింగ్

సెట్లో మంచి వాతావరణం అనగానే చాలామంది దర్శకుడి స్వభావం గురించే మాట్లాడతారు. అరుస్తాడా, నవ్వుతూ పని చేయించుకుంటాడా అని. నాకు మాత్రం ముందు బాత్రూమే గుర్తొస్తుంది. సినిమా సెట్లో పని పరిస్థితులపై చర్చ ఇంతదాకా ఎలా వచ్చిందో చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

2017 ఫిబ్రవరిలో కేరళలో ఒక నటిని కారులోనే నిర్బంధించి లైంగిక దాడి చేశారు. ఆ తర్వాత మలయాళ చిత్రసీమలోని ఆడవాళ్లు విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ పేరుతో ఒక్కటయ్యారు. వాళ్లు పట్టుబట్టగా, సినీరంగంలో ఆడవాళ్ల పరిస్థితులు తేల్చడానికి కేరళ ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీని వేసింది. అందులోని ముగ్గురిలో మన తెనాలి ఆడపడుచు, నటి శారద ఒకరు. 2019 డిసెంబరు 31న అందిన నివేదిక 2024 ఆగస్టు 19న గానీ బయటికి రాలేదు. అదీ కొన్ని భాగాలు తీసేశాకే.

లైంగిక వేధింపుల సంగతులు పతాక శీర్షికలకెక్కాయి. ఎక్కాల్సిందే. అదే నివేదికలో ఉన్న మరో విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఔట్‌డోర్ షూటింగుల్లో ఆడవాళ్లకు పొదల చాటే దిక్కు. బట్టలు మార్చుకోవాలంటే చెట్టు చాటో, ఎవరైనా అడ్డంగా పట్టుకున్న గుడ్డ చాటో వెతుక్కోవాలి. అందుకని గంటల తరబడి నీళ్లే తాగరు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లతో ఆస్పత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. నెలసరి రోజుల్లో ఇక చెప్పనక్కర్లేదు. అందరికంటే ఎక్కువ నలిగేది జూనియర్ ఆర్టిస్టులు. కారవాన్ (తారలు సేదదీరే, బట్టలు మార్చుకునే బండి) మెట్లెక్కే అర్హత వాళ్లకు ఉండదు.

చట్టాలు లేక కాదు. సినీ కార్మికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981 చట్టమే చెప్పింది. పనిచోట వేధింపులపై ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. చిక్కల్లా సెట్టు ఆఫీసు లాంటిది కాకపోవడమే. ప్యాకప్ చెప్పాక యూనిట్ చెదిరిపోతుంది. పిలిచేది ఏజెంటు, డబ్బిచ్చేది మేనేజరు, బాధ్యత ఎవరిదో ఎవరూ చెప్పరు. 2022 మార్చిలో కేరళ హైకోర్టు ఈ ముడి విప్పింది: ప్రతి సినిమా యూనిట్‌లోనూ ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలంది.

మన దగ్గర 2018 ఏప్రిల్‌లో సినీరంగంలో లైంగిక దోపిడీపై ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి చేసిన నిరసనతో కదలిక వచ్చింది. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో నివేదిక చేతికందింది. హేమ నివేదిక వెలువడ్డాక, మన నివేదికనూ బయటపెట్టండని సమంత బహిరంగంగా కోరాల్సి వచ్చింది.

2025 ఆగస్టులో మన సినీ కార్మికులు వేతనాల్లో 30 శాతం పెంపు కోసం సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాక, మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. అదే ఏడాది దీపికా పదుకొణె పేరుతో ఎనిమిది గంటల పని చర్చ దేశమంతా నడిచింది. స్టార్ అడిగితే అది వార్త. లైట్‌మన్ అడిగితే రేపటి నుంచి పిలుపు రాదేమోనని భయం. ఆ భయం పోనిదే ఏ సెట్టూ బాగుపడదని నేను నమ్ముతాను.

2025 నవంబరు 21 నుంచి 1981 చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. పని గంటలు, భద్రత, వసతులు అన్నీ ఒప్పందంలో రాసి ఉండాలని అది అంటోంది. జూనియర్ ఆర్టిస్టుకు మాత్రం రేపటి కాల్‌షీట్ ఈ రాత్రికి ఫోన్లో వస్తుంది.