మారిషస్‌ని గెలిచింది ఇంగ్లీషువాళ్ళు, ఊళ్ళ పేర్లు మాత్రం ఫ్రెంచివి: 1810 గురించి అపోహలు - వాస్తవాలు

కాకినాడలో డిగ్రీ కాలేజీ పిల్లలకి చరిత్ర చెబుతాను. ఆమధ్య పాత స్టూడెంట్ ఒకమ్మాయి హనీమూన్‌కి మారిషస్ వెళ్ళొచ్చి ఫోన్ చేసింది. "సార్, ఆ దేశాన్ని ఏలింది బ్రిటిష్‌వాళ్ళని మీరే కదా చెప్పారు. అక్కడేమో ఊళ్ళ పేర్లు ఫ్రెంచివి, పేపర్లు ఫ్రెంచివి. మీరు చెప్పింది తప్పా?" అంది. తప్పు కాదు గానీ, క్లాసులో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాట నిజం. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

అపోహ: ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిన 1760 వందవాసి యుద్ధంతో తూర్పున ఫ్రెంచివాళ్ళ కథ ముగిసింది.

గ్రూప్స్ పరీక్షలకి బట్టీ కొట్టే వాక్యం ఇది. పాండిచ్చేరి వరకే చూస్తే సరే. కానీ ఫ్రెంచివాళ్ళ ఓడలకి అసలు ఇల్లు హిందూ మహాసముద్రం మధ్యలో ఉంది. డచ్చివాళ్ళు వదిలేసిన మారిషస్ ద్వీపాన్ని 1715లో తీసుకుని 'ఇల్ ద ఫ్రాన్స్' అని పేరు పెట్టుకున్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్డొనే అక్కడ పోర్ట్ లూయీ రేవుని తీర్చిదిద్దాడు. 1746లో మద్రాసుని పట్టుకున్న లాబూర్డొనే ఈయనే. ఓడలు కూడగట్టుకుని బయల్దేరింది ఆ ద్వీపం నుంచే. నెపోలియన్ కాలానికి అది ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడలకి పెద్ద టెన్షన్ అయింది. 1800లో సుర్కూఫ్ అనే ఫ్రెంచి కెప్టెన్ ఏకంగా బంగాళాఖాతంలోకి వచ్చి 'కెంట్' అనే పెద్ద కంపెనీ ఓడని పట్టుకుపోయాడు. ఇలాంటివాళ్ళని సముద్రపు దొంగలు అనేస్తుంటారు, కాదు. శత్రువుల ఓడల్ని దోచుకోవడానికి సర్కారు రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి వీళ్ళ చేతిలో ఉంటుంది. దోపిడీయే, కాకపోతే రసీదుతో.

అపోహ: ఇంగ్లీషువాళ్ళు అక్కడి చెరకు కోసం వెళ్ళారు.

ఇండియా దారిలో ఓడలకి భయం లేకుండా చేసుకోవడానికి వెళ్ళారు. 1810లో పక్కనున్న రీయూనియన్‌ని కూడా పట్టుకున్నారు. 1814 పారిస్ ఒప్పందంలో దాన్ని ఫ్రాన్సుకి తిరిగిచ్చేసి, మంచి రేవున్న మారిషస్‌ని మాత్రం ఉంచుకున్నారు. మారిషస్ పంచదారకి దశ తిరిగింది 1825లో, వెస్టిండీస్ సరుకుతో సమానంగా సుంకం తగ్గించాక.

అపోహ: 1805లో ట్రఫాల్గర్ దగ్గర ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించిన తర్వాత బ్రిటిష్ నౌకాదళానికి ఎదురే లేదు, ద్వీపాన్ని అవలీలగా పట్టేశారు.

మొదటి ప్రయత్నంలో తుక్కుతుక్కుగా ఓడిపోయారు. 1810 ఆగస్టులో ఆగ్నేయ తీరాన గ్రాండ్ పోర్ట్ దగ్గర, రేవు ముఖాన ఉన్న చిన్న లంకని పట్టుకుని, అక్కడ ఫ్రెంచి జెండానే ఎగరేసి శత్రువుల ఓడల్ని లోపలికి రప్పించారు. ఎత్తు బాగానే ఉంది. ఆ ఓడల్ని తరుముకుంటూ వెళ్తే కిందున్న పగడపు దిబ్బల సంగతి తెలియక నాలుగు ఇంగ్లీషు ఫ్రిగేట్లలో (యుద్ధనౌకల్లో) రెండు ఇరుక్కుపోయాయి. వాటిని సొంతవాళ్ళే తగలబెట్టుకున్నారు. మూడోది నెత్తుటి మడుగై లొంగిపోయింది, నాలుగోది కొన్ని రోజులకి చేతులెత్తేసింది. ఇంగ్లీషు కెప్టెన్ విలోబీకి ఒక కన్ను పోయింది, ఫ్రెంచి నాయకుడు డ్యుపెరేకి తలకి గాయమైంది. ఇద్దరికీ ఒకే ఇంట్లో వైద్యం చేశారు. మయెబూర్‌లోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పారిస్ విజయతోరణం మీద నెపోలియన్ కాలపు విజయాల పేర్లు చెక్కి ఉంటాయి కదా, అందులో నౌకాయుద్ధం ఇదొక్కటే.

దెబ్బతిన్నాక పద్ధతి మార్చారు. ఉత్తర తీరంలో దిబ్బల మధ్య దారులు ముందే కొలుచుకుని, నవంబరు 29న దాదాపు 10 వేల మందిని దింపారు. సేనాపతి అబర్‌క్రాంబీ. అందులో మద్రాసు, బెంగాల్ సిపాయిలున్నారు. ఫ్రెంచి గవర్నర్ దకేన్ దగ్గర అసలు సైనికులు రెండు వేలు కూడా లేరు, మిగతాది స్థానికుల దండు. డిసెంబరు 3న లొంగుబాటు ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి.

అపోహ: ఓడినవాళ్ళకి ఏమీ మిగల్లేదు.

ఫోన్ చేసిన మా స్టూడెంట్ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పని త్వరగా తేల్చుకోవాలని ఇంగ్లీషువాళ్ళు చాలా మెత్తటి షరతులకి ఒప్పుకున్నారు. ఫ్రెంచి సైనికులు ఖైదీలు కారు, వాళ్ళని ఓడల్లో ఫ్రాన్సుకి చేర్చాలి. ద్వీపంలోని జనం మతం, చట్టాలు, ఆచారాలు అలాగే ఉంటాయి. వాళ్ళ ఆస్తి జోలికి ఎవరూ పోరు. అంతే, చెరకు తోటలు పాత దొరలవే, కోర్టులో నెపోలియన్ చట్టమే, గుళ్ళో కాథలిక్ ఫాదరే. కొత్త గవర్నరు ఫార్క్వార్ కూడా తోటల యజమానులతో సర్దుకుపోయాడు. మారింది జెండా, ద్వీపం పేరు. పై కోర్టుల్లో ఇంగ్లీషు రావడానికి 1840ల దాకా పట్టింది. పార్లమెంటు ఇంగ్లీషులో, పేపర్లు ఫ్రెంచిలో, ఇంట్లో మాటలు ఫ్రెంచిలోంచి పుట్టిన స్థానిక భాష క్రియోల్‌లో. ఇప్పటికీ అంతే.

అపోహ: ఇంగ్లీషువాళ్ళు రాగానే బానిసలకి విముక్తి దొరికింది.

"ఆస్తి జోలికి పోము" అన్నదాన్ని మళ్ళీ చదవండి. అప్పటి జనాభాలో నూటికి ఎనభై మంది దాకా బానిసలు. ఆస్తి అంటే వాళ్ళే. 1807లోనే బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించినా, 1810 తర్వాత కూడా దొంగచాటుగా మనుషుల్ని దింపుతూనే ఉన్నారు. బానిసత్వం రద్దయింది 1835 ఫిబ్రవరి 1న. అప్పుడు కూడా 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం యజమానులకి అందింది, బానిసలకి పైసా లేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే లెక్క ఇది.

అపోహ: ఇందులో మనకేం సంబంధం?

రద్దు ఖాయం అనగానే తోటలకి కొత్త చేతులు వెతికారు. 1834 నవంబరులో కలకత్తా నుంచి 'అట్లాస్' ఓడలో 36 మంది కూలీలు దిగారు. తెలుగువాళ్ళు మా పక్కనున్న కోరంగి రేవు నుంచి ఎక్కారు, 1843లో వెళ్ళిన ఓడ పేరే 'కొరంగి ప్యాకెట్'. అందుకే అక్కడ తెలుగువాళ్ళని చాలాకాలం కొరంగీలనే పిలిచారు. ఇవాళ ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని 'యు'తో మొదలుపెట్టరు, ఫ్రెంచి పద్ధతిలో 'ఓ' పక్కన 'యు' పెట్టి రాస్తారు.