టచ్ స్క్రీన్‌కు ఏ తాకుడు ఎలా తెలుస్తుంది: అపోహలు - వాస్తవాలు

ఫోన్ టచ్ సరిగా అందుకోకపోతే చాలామంది నేరుగా డిస్‌ప్లే కాంబో (టచ్, డిస్‌ప్లే కలిసి ఉండే సెట్టు) మార్పించేస్తారు. అసలు లోపం తెర మీద అంటించిన స్క్రీన్ గార్డులోనో, చార్జర్‌లోనో, సెట్టింగ్‌లోనో ఉంటే ఆ డబ్బు దండగే.

అపోహ: గట్టిగా నొక్కితే బాగా అందుకుంటుంది.

వాస్తవం: నొక్కుడు మీద పనిచేసేది రెసిస్టివ్ తెర. రెండు పలుచని పొరల మధ్య సందు ఉంటుంది, నొక్కిన చోట అవి కలుస్తాయి. అందుకే దాని మీద గోరు, పెన్ను మొన ఏదైనా నడుస్తుంది. ఇప్పటి ఫోన్లలో ఉండేది కెపాసిటివ్ తెర. అద్దం కింద కంటికి కనిపించని వాహక గీతలు అడ్డంగా, నిలువుగా గళ్లు కట్టి ఉంటాయి. వేలు ఆనితే ఆ గడి దగ్గర కెపాసిటెన్స్, అంటే విద్యుత్ చార్జ్‌ను పట్టి ఉంచే సామర్థ్యం, కాస్త తగ్గుతుంది. టచ్ ఐసీ (తాకుడును లెక్కగట్టే చిప్) కొలిచేది ఆ తేడానే. గట్టిగా నొక్కితే వేలి కండ అణిగి ఎక్కువ చోటు పడుతుంది, అంతే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు 'ప్రెషర్' అని చూపే అంకె ఆ సైజును బట్టి కట్టిన అంచనా. నిజంగా ఒత్తిడి కొలిచే 3డీ టచ్ 2015లో ఐఫోన్ 6ఎస్‌తో వచ్చింది, 2019 నాటి ఐఫోన్ 11 వరుసలో లేదు. మామూలు ఫోన్‌ను పొడిచి పొడిచి నొక్కితే పగిలేది అద్దమే.

అపోహ: ఒంటి వేడికి టచ్ పనిచేస్తుంది.

వాస్తవం: చేత్తో పట్టుకున్న చల్లటి స్టీలు చెంచాతో తాకి చూడండి, చాలా ఫోన్లు అందుకుంటాయి. వేడితో పనిలేదు, కరెంటు పారే దారి ఉంటే చాలు.

అపోహ: ట్యాప్, లాంగ్ ప్రెస్, స్వైప్ వేర్వేరని తెరకే తెలుసు.

వాస్తవం: తెర చెప్పేది ఎక్కడ, ఎంత సైజు, ఎంతసేపు అన్నదే. పేరు పెట్టేది సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్‌లో వేలు సుమారు 8 డీపీ (తెర మీద దూరానికి ఆండ్రాయిడ్ వాడే కొలత), అంటే దాదాపు 1.3 మిల్లీమీటర్లు జరిగితే అది ట్యాప్ కాదు, జరుపుడు. రెండో తాకుడు 300 మిల్లీసెకన్లలోపు పడితే డబుల్ ట్యాప్. కదలకుండా దాదాపు అర సెకను ఆగితే లాంగ్ ప్రెస్. పెద్దవాళ్లు నిదానంగా నొక్కినప్పుడు ఐకాన్లు ఎగిరిపోవడం, మెసేజ్ సెలెక్ట్ కావడం ఇందువల్లే. యాక్సెసిబిలిటీలో 'టచ్ అండ్ హోల్డ్ డిలే' పెంచితే సరిపోతుంది.

అరచేయి పెద్ద మచ్చలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని వదిలేయడం తేలికే. వేలి కణుపును, వేలి కొనను వేరుచేయడమే కష్టం, కెపాసిటెన్స్‌లో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కార్నెగీ మెలన్ పరిశోధకులు 2011లో తట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి కొన, కణుపు, గోరు వేరుచేసి చూపించారు.

అపోహ: పత్తి, మిర్చి పనిచేసే చేతులకు టచ్ పడదు.

వాస్తవం: పడుతుంది, కాకపోతే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతు వేళ్లు కాయలు కాచి, ఎండి ఉంటాయి. పైన మందం గార్డు కూడా ఉంటే తేడా ఇంకా తగ్గి, ఐసీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. అంచులకే జిగురున్న గార్డైతే మరీ అన్యాయం, మధ్యలో గాలి సందు మిగిలిపోతుంది. గార్డు తీసి చూడండి, వేలు కాస్త తడి చేసుకోండి, 'టచ్ సెన్సిటివిటీ' ఉంటే ఆన్ చేయండి. రేషన్ షాపు మిషన్‌లో వేలిముద్ర పడకపోవడం వేరే సంగతి. అక్కడ చూసేది చర్మం గీతలను.

అపోహ: చినుకులు పడితే టచ్ పాడైనట్టే.

వాస్తవం: విడిగా ఉన్న చుక్క రీడింగును వేలికి వ్యతిరేక దిశలో మారుస్తుంది, మంచి ఐసీ దాన్ని పట్టేస్తుంది. ఆ నీటిలోనే వేలు పెడితే నీరంతా వేలితో కలిసిపోయి, ఎక్కడ తాకారో తేలదు. తెర తుడిచి, పవర్ బటన్‌తో ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.

కాంబో మార్చే ముందు ఒక పరీక్ష చేయాలి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' కింద ఉండే 'బిల్డ్ నంబర్' మీద 7 సార్లు తట్టి, డెవలపర్ ఆప్షన్స్‌లో 'పాయింటర్ లొకేషన్' ఆన్ చేయండి. వేలిని పై నుంచి కిందికి, తర్వాత అడ్డంగా, వరుసలు వదలకుండా నెమ్మదిగా లాగండి. గీత ఎప్పుడూ ఒకే చోట తెగితే ప్యానెలో, దాని కనెక్టరో పాడైంది. చార్జింగ్‌లో మాత్రమే వణికినా, తాకకుండానే చుక్కలు పడినా చవక చార్జర్ నాయిస్ (దాని నుంచి వచ్చే విద్యుత్ అలజడి) అయి ఉంటుంది, మొదట అది మార్చి చూడండి. గార్డు తీశాక గీత నిండుగా వస్తే కొత్త గార్డు వేయించుకుంటే చాలు.