అదే కొలత, వేరే మందు

ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో మా చిన్నాన్నకు ఆరెకరాల మెట్ట ఉంది. శనక్కాయ ఊడలు దిగే రోజుల్లో అడవిపందులు ఒక్క రాత్రిలో చేనంతా దున్నేసి పోతాయి. వాటిని బెదరగొట్టడానికి తాత కాలం నుంచీ ఇంట్లో లైసెన్సున్న ట్వెల్వ్ బోర్ తుపాకి ఒకటి ఉంది. మొన్న సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు చిన్నాన్న అటక మీంచి రేకు పెట్టె దించాడు. అందులో తాత వాడిన ఇత్తడి కొలత గ్లాసు, పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలు, చీటీ ఊడిపోయిన ఒక మందు డబ్బా ఉన్నాయి.

"ఒరే అబ్బయా, తాత ఈ గ్లాసుతోనే నల్లమందు, అదే పాతకాలం నల్ల తుపాకి మందు, పోసి తూటాలు మళ్లీ కట్టేవాడు. ఇప్పుడా మందు లేదు. ఈ డబ్బాలోది అదే కొలతకు పోస్తే పోలా? మందు మందే గదా!"

నా గుండె ఝల్లుమంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసుకునే హక్కు రాదనీ, 1959 ఆయుధాల చట్టం దానికి వేరే లైసెన్సు అడుగుతుందనీ ముందు చెప్పాను. కానీ చట్టం కంటే ముందు ప్రమాదం ఆ గ్లాసులోనే ఉంది. అది ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మా అమ్మ పొట్టు పొయ్యి సాయం వచ్చింది.

సామిల్లు నుంచి తెచ్చిన రంపం పొట్టును పొయ్యిలో నిండా దట్టించి, మధ్యలో పెట్టిన సీసాను మెల్లగా పైకి లాగేవాళ్లం. ఆ కన్నంలో నిప్పు అంటుకుంటే లోపలి గోడ మాత్రమే కాలుతూ వస్తుంది. కాలేకొద్దీ కన్నం వెడల్పవుతుంది, గోడ పెరుగుతుంది, మంట కూడా పెరుగుతుంది. అదే పొట్టును గుప్పెడు తీసి మంట మీద చల్లితే భగ్గుమని ఒక్కసారే అంటుకుంటుంది. పొట్టు అదే. గాలికి, మంటకు తగిలే పైభాగం ఎంత అన్నదే తేడా. తుపాకి మందు కూడా ఇంతే. అది బాంబులా ఒక్కసారిగా పేలేది కాదు, పైపొర నుంచి లోపలికి పొరపొరగా కాలేది. అందుకే ఫ్యాక్టరీలో మందు గింజను రేకులా, గుండులా, గొట్టంలా రకరకాలుగా చేస్తారు. కొన్నిటికి నిలువునా కన్నాలు పెడతారు, కొన్నిటికి నెమ్మదిగా కాలేట్టు పైన పూత వేస్తారు. చూడ్డానికి చాలావరకు నల్లగా, బూడిదరంగులో ఒకేలా ఉంటాయి. ఏది ఎంత వేగంగా కాలుతుందో కంటితో పట్టడం ఎవరి వల్లా కాదు.

పొయ్యికీ తుపాకికీ పోలిక ఇక్కడితో ఆగుతుంది. పొయ్యి పైన తెరిచి ఉంటుంది. తూటాలో పుట్టిన వాయువుకు పోయే దారి లేదు, ముందున్న రవ్వలను, అంటే చిన్న సీసపు గుండ్లను, తోసుకుంటేనే చోటు దొరుకుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా వేగంగా కాలుతుంది. అలా కాలితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ సంబంధాన్ని లెక్కకట్టి చూపినవాడు ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియే. సైనికుల రైఫిళ్లకు పనికొచ్చే పొగ రాని మందును 1884లో తయారుచేసినవాడూ ఆయనే. రవ్వలు ముందుకు జరిగి చోటు ఇచ్చే వేగం, మందు కాలే వేగం రెండూ సెకనులో వెయ్యోవంతుల లెక్కన పోటీ పడతాయి. ట్వెల్వ్ బోర్ తూటాకు అమెరికాలో పెట్టిన పై హద్దు చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. కారు టైరులో ఉండే గాలికి అది దాదాపు మూడు వందల యాభై రెట్లు. తొందరగా కాలే మందు పడితే, రవ్వలు కదిలేలోపే పీడనం ఆ హద్దు దాటిపోతుంది. అప్పుడు చీలేది తుపాకి గొట్టం. దాని కిందే కాల్చేవాడి ఎడమ చెయ్యి ఉంటుంది.

తాత గ్లాసు సంగతి ఇంకా చిక్కు. నల్లమందు కాలితే దాని బరువులో సగం కూడా వాయువు కాదు. మిగతాదంతా పొగ, మసి. పొగరాని మందు దాదాపు పూర్తిగా వాయువైపోతుంది. అందుకే అదే పనికి అందులో మూడో వంతు, నాలుగో వంతు చాలు. యూరప్‌లో ఈ మార్పు జరిగిన రోజుల్లో ఇదే తప్పు ఎంతోమంది చేశారు. మొదట వచ్చిన షుల్ట్‌జ్ లాంటి పొగరాని మందులు బోలుగా ఉండేవి, నల్లమందు గ్లాసుతోనే కొలవగలిగేవారు. ఆ అలవాటుతోనే, 1887లో నోబెల్ తెచ్చిన బాలిస్టైట్ లాంటి చిక్కటి మందును కూడా అదే గ్లాసు నిండా పోశారు. తుపాకులు బద్దలయ్యాయి. ఇప్పటికీ కొన్ని తూటా డబ్బాల మీద "మూడు డ్రాముల సమానం" అని ఉంటుంది. మూడు డ్రాములంటే 5.3 గ్రాములు. అది లోపల ఉన్న మందు బరువు కాదు, అంత నల్లమందు ఇచ్చే వేగానికి సమానమని మాత్రమే. ఆ మాట చదివి బరువనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

"సరే, నెమ్మదిగా కాలేది పోస్తే ఏ గోలా ఉండదు గదా?" అన్నాడు చిన్నాన్న. ఉంటుంది. పీడనం చాలక మందు సగంసగం కాలుతుంది. రవ్వల వెనకుండే బిరడా తుపాకి గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. అది చూసుకోకుండా రెండోది పేలిస్తే గొట్టం చీలుతుంది. మందు అదే ఉంచి దానికి నిప్పంటించే టోపీ మార్చినా, బిరడా మార్చినా, తూటా ఖాళీ గొట్టం రకం మార్చినా పీడనం మారిపోతుంది. తయారీదారులు ఒక్కో కలయికనూ పీడనం కొలిచే యంత్రాల మీద కాల్చి చూస్తారు. ఆ పని అటక మీద జరిగేది కాదు.

2022లో జిల్లాలు విడిపోయేదాకా శ్రీహరికోట మా నెల్లూరు జిల్లాదే. అక్కడ రాకెట్‌కు ఘన ఇంధనం పోసేటప్పుడు మధ్యలో బోలు వదులుతారు. పెద్ద రాకెట్లలో దాన్ని నక్షత్రం ఆకారంలోనూ చేస్తారు, కాలే గోడ ఏ క్షణంలో ఎంత ఉండాలో ముందే తేల్చుకోవడానికి. వాళ్లు అంత శ్రమపడి అదుపులో పెట్టేది కూడా పొట్టు పొయ్యి కన్నాన్నే.

చివరికి మిగిలింది చీటీ లేని డబ్బా. పొగరాని మందు ఏళ్ల తరబడి వేడిలో ఉంటే తనలో తానే చెడుతుంది. ఘాటైన ఆమ్లం వాసన, ఎర్రటి పొడి దాని గుర్తులు. 1907లో తూలాన్ రేవులో ఫ్రెంచి యుద్ధనౌక ఇయెనా పేలి వందమందికి పైగా చనిపోయినప్పుడు, వేలెత్తి చూపింది ఇలా చెడిన మందునే. రోహిణి కార్తెలో మా అటక ఎంత కాగుతుందో నాకు తెలుసు. ఇద్దరం మర్నాడే స్టేషన్‌కు వెళ్లి చెప్పాం. వాళ్లొచ్చి తీసుకెళ్లేదాకా డబ్బాను ఎవరూ కదిలించలేదు. గ్లాసును మాత్రం పిన్ని కడిగి లోపల పెట్టుకుంది.