ముత్తాతగారి తాత ఎవరు? ఉత్తరాంధ్రలో వంశవృక్షం వెతికేవారికి అపోహలు - వాస్తవాలు

వంశవృక్షం కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ముందే నీరసపడిపోయి ఉంటారు. "రాజులకీ జమీందార్లకీ ఉంటాయిగానీ, మన రైతు కుటుంబాలకి రికార్డులెక్కడివండీ" అంటారు. ఉన్నాయి. అప్పట్లో మన ఊరు ఎవరి పాలనలో ఉండేదో తెలుసుకోకుండా వెతకడం వల్లే దొరకట్లేదు.

అపోహ: మాది శ్రీకాకుళం, కాబట్టి కాగితాలన్నీ శ్రీకాకుళంలోనే ఉండాలి.

వాస్తవం: 1800ల్లో ఈ జిల్లాయే లేదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు ఊళ్ళు గంజాం జిల్లాలో ఉండేవి. పాలకొండ, బొబ్బిలి, విజయనగరం విశాఖపట్నం జిల్లా కిందికి వచ్చేవి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం చీలి, మనవైపు ముక్క విశాఖలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్ కూడా చూడాల్సిందే.

అది తేలాక, ఊరు ఏ జమీందారీదో కనుక్కోవాలి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస లాంటి ఎస్టేట్లలో శిస్తు లెక్కలు దివాణంలోనే ఉండేవి, రైతు పేరు సర్కారు దస్త్రాలకి ఎక్కేది తక్కువ. అందుకే ఎవరొచ్చినా సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌తో మొదలుపెట్టమంటాను. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక ఏ భూమి ఎవరిదో సర్వే చేసి రాసిన రికార్డు అది. పట్టాదారు పేరుతో పాటు తండ్రి పేరు కనిపిస్తే, ఆ పట్టాదారు అప్పటికే డెబ్బై దాటినవాడైతే, ఆ తండ్రి 1850ల మనిషి కావచ్చు. ఒక్క వరుసలో వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోయారన్నమాట! ఇనాం భూమి (శిస్తు లేకుండానో, తగ్గించో ఇచ్చిన మాన్యం) ఉన్న కుటుంబాలైతే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు తప్పకుండా తీయించండి. అనుభవదారు పేరు, వయసు, భూమి మొదట పొందినవారితో ఆయన చుట్టరికం అందులో రాశారు.

1800ల్లో పుట్టినవారి జనన ధృవీకరణ పత్రం కోసం మాత్రం తిరగకండి. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. 1871 జనాభా లెక్కల్లో మనకి మిగిలినవి అంకెలే, ఇంటింటి పేర్లు కావు.

అపోహ: తాతగారి జాతకంలో సంవత్సరం పేరు ఉంది, ఇక పుట్టిన తేదీ తెలిసిపోయినట్టే.

వాస్తవం: "శ్రీముఖ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి" అని ఉందనుకోండి. శ్రీముఖ 1873లో వచ్చింది, మళ్ళీ 1933లో వచ్చింది. అరవై ఏళ్ళంటే రెండు తరాల తేడా. పైగా తాత పేరే మనవడికి పెట్టే అలవాటు మనది, తాతనీ మనవణ్ణీ కలిపేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. తిథి పక్కన వారం కూడా రాసి ఉంటే అదృష్టం. రెండు సంవత్సరాల్లోనూ ఆ తిథి ఏ వారం పడిందో లెక్క కట్టించి చూడండి, చాలాసార్లు ఒకటి తేలిపోతుంది. ఇంకో సంగతి: మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కాబట్టి మొదటిదే సరైతే అది 1874 అవుతుంది.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. గోత్రం, ఊరు, ఇలవేల్పు కూడా కలవాలి.

అపోహ: ఓడెక్కి వెళ్ళినవాళ్ళ జాడ ఇక దొరకదు.

వాస్తవం: ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ కంటే వాళ్ళ వివరాలే కొన్నిసార్లు ఎక్కువ దొరుకుతాయి. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళినవారి ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా గుర్తుగా నమోదు చేశారు. మారిషస్ వెళ్ళినవారి దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరి ఫోటోలతో సహా. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళది వేరే కథ. ఎక్కువమంది కూలీలని కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీల వెంట వెళ్ళారు కనుక ఇలాంటి జాబితాలు ఆశించలేం.

దక్షిణాఫ్రికా నుంచి ఎవరైనా "మా ఇంటిపేరు అప్పలసామి" అని రాస్తే, ఇక్కడ ఆ ఇంటిపేరు కోసం వెతక్కండి. మొదట ఓడెక్కినాయన సొంత పేరే అక్కడ పిల్లలకి ఇంటిపేరై ఉండవచ్చు. ఓడ జాబితాలోని తండ్రి పేరు, ఊరు పంపమనండి. జిల్లా గంజాం అని ఉంటే ఒడిశా అని పక్కన పెట్టేయకండి, అది మన నరసన్నపేట పక్క ఊరే కావచ్చు.