సరిహద్దు బడికి అయ్యవారు ఎక్కడ తయారవుతారు?

1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు ఊళ్లు మార్చుకున్నాయి. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. సరిహద్దు జరిగినా ఇళ్లలో మాట మారలేదు. అందుకే ఈ పక్క, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ఇప్పటికీ తమిళ మీడియం బడులున్నాయి. ఉర్దూ అంతకన్నా పాతది, ఆర్కాటు నవాబుల ఏలుబడి నాటి నుంచీ ఇక్కడ ఉంది.

ఈ పిల్లలకు ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేలా చూడాలని 1956లోనే రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. చెప్పే అయ్యవారు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ, పెట్టాలనుకున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా డైట్ కార్వేటినగరంలో ఉంది. దాని విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చిన్న తరగతులకు ఉర్దూ, తమిళ టీచర్లు ప్రధానంగా డైట్‌లో చెప్పే డీఈడీ డిప్లొమా నుంచే రావాలి. ఆ భాష చదువుకోవాలి, ఇంటర్ దాటాలి, డీఈడీ చేయాలి, టెట్ పాసవ్వాలి, డీఎస్సీలో ర్యాంకు తెచ్చుకోవాలి. ఇందులో ఒక్క మెట్టు విరిగినా టీచర్ రారు.

ఉర్దూ పోస్టులకు రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరుస) చిక్కు కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టుకు ఉర్దూ చదివిన అభ్యర్థి దొరక్కపోతే అది ఖాళీగానే మిగులుతుంది. వాటిని డీ-రిజర్వ్ చేయాలని, అంటే రిజర్వేషన్ తీసి మిగతావాళ్లకూ తెరవాలని, ఉర్దూ సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఆ డిమాండ్‌లో న్యాయముంది. అయితే తప్పు రిజర్వేషన్‌ది కాదు. ఆ భాష నేర్చుకుని టీచరయ్యే దారిని అందరికీ వేయకపోవడమే అసలు లోపం.

డబ్బు సంగతికొస్తే, 2018లో టీచర్ల శిక్షణ పథకాన్ని బడి చదువుల కేంద్ర పథకమైన సమగ్ర శిక్షలో కలిపేశారు. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. భవనాలు, యూనిఫాం లాంటి పెద్ద ఖర్చులున్న పద్దులోనే శిక్షణ కూడా తన వాటా వెతుక్కోవాలి. ఉర్దూలో, తమిళంలో పాఠం చెప్పగల లెక్చరర్లను డైట్‌లో పెట్టడానికి ముందుగా కొంత సొమ్ము విడిగా తీసిపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. దాంతోపాటు హాస్టల్ కావాలి. కుప్పం, పలమనేరు నుంచి ఆడపిల్లలు రోజూ కార్వేటినగరం వచ్చిపోలేరు. కోర్సేమో రెండేళ్లు.